దేవుడు, నమ్మకం, సాక్ష్యం: ఆస్తికులూ నాస్తికులూ తరచుగా అడిగే ప్రశ్నలు

పండుగకు బంధువులు కూడిన ఇంట్లో భోజనాలయ్యాక ఈ వాదన మొదలైందంటే కాఫీలతో ముగియదు. ఏళ్ళ తరబడి విన్న ప్రశ్నలనూ, నన్ను అడిగిన ప్రశ్నలనూ ఇక్కడ ఒకచోట పెట్టాను. నేను నాస్తికుణ్ణి. ఆ సంగతి ముందే చెప్పడం మర్యాద. అయినా కింది జవాబుల్లో కొన్ని నా పక్షం వారికే చురుక్కుమంటాయి.

"దేవుడున్నాడా, లేడా?" అని మొదలైన వాదన ఎందుకు ఎటూ తేలదు?

ఆ ఒక్క ప్రశ్న చాటున నాలుగు వేర్వేరు తగాదాలు నడుస్తుంటాయి కనుక. ఈ సృష్టికి కర్త ఉన్నాడనడం ఒకటి. ఫలానా గుడిలో మొక్కుకుంటే ఫలానా జబ్బు నయమవుతుందనడం ఇంకొకటి. పూజ చేసుకుంటే నా మనసు కుదుటపడుతుందనడం మరొకటి. నెలసరి రోజుల్లో కోడలు వంటింట్లోకి రాకూడదనడం వీటితో ఏ పొత్తూ లేని నాలుగోది. మొదటిది తత్వశాస్త్రం. రెండోది లెక్కలతో తేలేది. మూడోదాన్ని కాదనడానికి మనమెవరం? నాలుగోది న్యాయానికి సంబంధించింది.

ఆస్తికుడు రెండోదానితో మొదలుపెట్టి, ఇరుకున పడగానే మూడోదాని నీడకు చేరతాడు. నాస్తికుడు నాలుగోదాని మీది కోపాన్ని మొదటిదాని మీద చూపిస్తాడు. గొంతులు లేచేది అక్కడే. "ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్నది దేని గురించి?" అని అడిగితే సగం వేడి తగ్గుతుంది. మిగిలిన సగం తగ్గాలంటే ఇంకో ప్రశ్న ఉంది: "ఏం కనిపిస్తే మీరు మనసు మార్చుకుంటారు?" దీన్ని ముందు మనల్ని మనమే అడుక్కోవాలి.

నిరూపించే బాధ్యత ఎవరిది?

ఉందన్నవారిది. ఇది పడమటివాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్న నియమమేమీ కాదు. పదో శతాబ్దంలో ఉదయనుడనే తర్కపండితుడు ఈశ్వరుణ్ణి స్థాపించడానికి న్యాయకుసుమాంజలి అనే గ్రంథమే రాశాడు. "లేడని నువ్వే నిరూపించు" అని తప్పించుకోలేదు. కుండను చూసి కుమ్మరిని ఊహించినట్టు, ఈ జగత్తనే కార్యాన్ని చూసి కర్తను ఊహించాలి అని తన వంతు అనుమాన ప్రమాణం (కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని తేల్చే తర్కం) ముందుంచాడు. కుమ్మరికి ఒళ్ళుంది, చేతులున్నాయి, మరి మీ కర్తకో అని ఎదుటి పక్షం అడిగింది. దానికీ ఆ సంప్రదాయం జవాబు వెతికింది. ఒప్పుకోకపోయినా అలాంటి ప్రత్యర్థితో వాదించడం ఒక సుఖం.

అయితే బాధ్యత ఒక పక్షానికే అంటుకుని ఉండదు. "ఆధారం కనిపించలేదు కాబట్టి నమ్మను" అన్న నాస్తికుడు ఏదీ నిరూపించనక్కర్లేదు. "మతాలు లేకపోతే యుద్ధాలే జరగవు" అన్నాడంటే మాత్రం బరువు అతని నెత్తికెక్కింది. ఆ మాటకు సాక్ష్యం తెమ్మని అడిగే హక్కు ఆస్తికుడికి పూర్తిగా ఉంది.

నాస్తికత్వం విదేశీ సరుకు కాదా?

కాదు. చార్వాకుల సంగతి అందరికీ తెలిసిందే. బౌద్ధులు, జైనులు సృష్టికర్తను ఒప్పుకోలేదు. అంతకన్నా ఆశ్చర్యం, వేదాన్ని నెత్తిన పెట్టుకున్న పూర్వమీమాంసకులు సైతం జగత్తుకు కర్త అక్కర్లేదన్నారు.

ఎలా వాదించాలో కూడా మనవాళ్ళు ఆలోచించి పెట్టారు. మన తర్కశాస్త్రానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాల్లో మూడు రకాల చర్చ కనిపిస్తుంది. నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం. గెలుపే గురిగా, మాయోపాయాలకైనా వెనకాడకుండా సాగేది జల్పం. తనదంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండ. టీవీల్లో రాత్రిపూట జరిగే చర్చల్లో మొదటి రకం ఎంత ఉందో చూసేవారే చెప్పాలి.

నమ్మకం మనసుకు సంబంధించింది. దానికి సాక్ష్యం అడగడం మొరటుతనం కాదా?

నమ్మకం మనసులో ఉన్నంతవరకు మొరటుతనమే. వీధిలోకి వచ్చి "ఇది జరిగింది, చూడండి" అన్న క్షణం నుంచి కాదు.

1995 సెప్టెంబరు 21న ఢిల్లీలో వినాయకుడి విగ్రహం పాలు తాగుతోందని వార్త పుట్టింది. సాయంత్రానికి దేశమంతా గుళ్ళ ముందు చెంబులతో బారులు తీరారు. అప్పుడు శాస్త్రవేత్తలు చేసిన పని చాలా చిన్నది: పాలలో రంగు కలిపారు. విగ్రహం తొండానికి చెంచా ఆనించగానే తలతన్యత (ద్రవం పైపొర సాగదీసిన తొడుగులా ప్రవర్తించే గుణం) వల్ల పాలు పైకి లాగబడి, రాతి మీద పలచని పొరగా కిందికి జారడం ఆ రంగులో స్పష్టంగా కనిపించింది. తెల్లని పాలు తెల్లని పాలరాతి మీద జారితే ఎవరికి కనిపిస్తుంది? ఇందులో భక్తిని అవమానించింది ఏదీ లేదు. ఆ సాయంత్రం దణ్ణం పెట్టుకున్నవాళ్ళు మర్నాడూ పెట్టుకున్నారు.

నాకు స్వయంగా అనుభవమైంది. దానికంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది?

ఈ ప్రశ్నకు చాలామంది హేతువాదులు "అదంతా భ్రమ" అని జవాబిస్తారు. తప్పు. అనుభవం నిజమే. దానికి మనం చెప్పుకున్న కారణమే పరీక్షకు నిలవాల్సింది.

హైదరాబాదు చేప మందునే తీసుకోండి. ఏటా జూన్‌లో మృగశిర కార్తె రోజున నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి ఉబ్బసం రోగులు వేలకు వేలు వస్తారు. బత్తిని కుటుంబం వారు వేలెడంత కొర్రమీను పిల్ల నోట్లో పసుపురంగు ముద్ద కూరి, బతికున్న చేపను అలాగే గొంతులో వేస్తారు. చేప తిననివారికి బెల్లంతో ఇస్తారు. ఆ తరువాత 45 రోజుల పథ్యం, మూడేళ్ళు వరుసగా రావాలన్న నియమం. 1845 నుంచి సాగుతోందని ఆ కుటుంబం చెబుతుంది. ఇది వైద్యం కాదని హేతువాద సంఘాలు కోర్టుల దాకా వెళ్ళాయి. ఇప్పుడు దీన్ని చేప ప్రసాదం అంటున్నారు. మందైతే పరీక్షకు నిలవాలి, ప్రసాదానికి ఆ బాధ లేదు.

"మా నాన్నగారికి తగ్గింది" అనేవారు అబద్ధం చెప్పడం లేదు. ఉబ్బసం ఒకే తీరుగా ఉండే జబ్బు కాదు, పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా ముదిరినప్పుడే కదా రైలెక్కి హైదరాబాదు వచ్చేది! ముదిరింది ఏం చేయకపోయినా కొంత దిగుతుంది. సరిగ్గా అదే రోజుల్లో ఎండాకాలపు దుమ్ము పోయి వానలు పడతాయి. నెలన్నర పథ్యంలో ఒంటికి పడని తిండి కూడా మానేస్తారు. ఇక మరుసటి ఏడు మైదానంలో వరుసలో మన పక్కన నిలబడేది ఎవరు? తగ్గిందనుకున్నవారే. తగ్గనివారు మళ్ళీ రారు, వాళ్ళ మాట మన చెవిన పడదు.

ఇన్ని కారణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయినప్పుడు ముద్ద పని చేసిందో లేదో ఒక మనిషి అనుభవం చెప్పలేదు. రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు అసలు ముద్ద, ఇంకో జట్టుకు చూడటానికి అలాగే ఉండే ఉత్త ముద్ద ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ, కొలిచే డాక్టరుకూ తెలియకుండా ఏడాదిపాటు ఊపిరి బలం కొలిస్తే తెలుస్తుంది. అంతవరకు నేను అడిగేది ఒక్కటే: చేప మింగండి, మీ ఇష్టం, పీల్చే మందు మాత్రం మానకండి.

ప్రార్థన వల్ల రోగం తగ్గుతుందో లేదో ఎవరైనా ఇలా పరీక్షించారా?

పరీక్షించారు. అమెరికాలో ఆరు ఆసుపత్రుల్లో గుండెకు బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మందిపై జరిగిన పెద్ద పరిశోధన 2006లో అచ్చయింది. మూడు జట్లు. తమ కోసం ప్రార్థన జరుగుతుందో లేదో తెలియని రెండు జట్లలో, ప్రార్థన జరిగిన జట్టులో 52 శాతం మందికి, జరగని జట్టులో 51 శాతం మందికి ఆపరేషన్ తరువాత చిక్కులు వచ్చాయి. అంటే తేడా లేదు. తమ కోసం ప్రార్థిస్తున్నారని కచ్చితంగా తెలిసిన మూడో జట్టులో 59 శాతం మందికి వచ్చాయి. "నా పరిస్థితి అంత బాగోలేదా, ప్రార్థనలు కూడా మొదలుపెట్టారు" అన్న బెంగ కావచ్చని పరిశోధకులు అనుకున్నారు.

దీన్ని పట్టుకుని నాస్తికులు ఎగిరి గంతులేయడం నాకు నచ్చదు. ఎవరో అపరిచితులు, చేతిలో పెట్టిన పేరు చదివి చేసిన ప్రార్థనను ఇది కొలిచింది. ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్న భార్య ఆంజనేయ దండకం చదువుకోవడం వేరు. ఆమె ధైర్యాన్ని ఏ పరిశోధనా కొలవలేదు, కొలవనక్కర్లేదు కూడా. కానీ "ప్రార్థన రోగిని బాగుచేస్తుందని సైన్సే ఒప్పుకుంది" అని ఎవరైనా ఫోన్లో సందేశం పంపితే ఈ అంకెలు గుర్తుంచుకోండి.

జాతకం లెక్కల శాస్త్రం కదా, నమ్మకం అనడమేమిటి?

గ్రహస్థితులు కట్టేవరకు లెక్కే. ఫలం చెప్పడం మొదలయ్యాక లెక్క కాదు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం మహారాష్ట్రలో 200 మంది పిల్లల పుట్టిన వివరాలు సేకరించింది. సగం మంది చదువులో చురుకైనవారు, సగం మంది బుద్ధిమాంద్యం ఉన్నవారు. జాతకం చూసి ఎవరు ఏ కోవకు చెందుతారో చెప్పమని జ్యోతిష్కులను అడిగారు, ఒక్కొక్కరికి 40 జాతకాలు ఇచ్చారు. జవాబు పంపిన 27 మంది సగటున 46 శాతం సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసినా 50 రావాలి.

విమానాలు మన పురాణ కాలంలోనే ఉన్నాయంటారు. నిజమేనా?

దీనికి ఎక్కువగా చూపించే "వైమానిక శాస్త్రం" అనే గ్రంథాన్ని బెంగళూరులోని భారత విజ్ఞాన సంస్థకు చెందిన పరిశోధకులు 1974లో పరిశీలించారు. ఆ గ్రంథం 1904కు ముందుది కాదని, అందులో వర్ణించిన యంత్రాలు ఎగరలేవని తేల్చారు. పూర్వీకుల మీద గౌరవం ఉంటే చెప్పుకోవడానికి ఆర్యభట్టు ఉన్నాడు. లేని విమానాలెందుకు?

గొప్ప గొప్ప శాస్త్రవేత్తలే దేవుణ్ణి నమ్మారు కదా?

నమ్మారు. రామానుజన్ తన గణితం నామక్కల్ నామగిరి అమ్మవారి దయ అన్నాడు. ఇస్రో పెద్దలు ప్రయోగానికి ముందు రాకెట్ నమూనా పట్టుకుని తిరుమల వెళతారు. అయితే రామానుజన్ సూత్రాలను గణితలోకం అమ్మవారు చెప్పిందని ఒప్పుకోలేదు, నిరూపణ దొరికినవాటినే ఒప్పుకుంది. తప్పని తేలినవి పక్కన పెట్టింది. ఊహ ఎక్కడి నుంచైనా రావచ్చు, కలలోంచి వచ్చినా పరవాలేదు.

ఆస్తికులందరూ ఒకవైపు, నాస్తికులందరూ ఒకవైపు ఉంటారా?

ఉండరు. సాక్ష్యం గురించి ఈ దేశంలో జరిగిన గొప్ప వాదాల్లో ఒకటి ఇద్దరు ఆస్తికుల మధ్యే జరిగింది. 1934 జనవరి 15న బిహార్‌ను భూకంపం కుదిపేసింది. వేలమంది చనిపోయారు. అప్పుడు దక్షిణాదిలో హరిజన యాత్రలో ఉన్న గాంధీ, అంటరానితనం అనే పాపానికి ఇది దైవం వేసిన శిక్ష అన్నారు. రవీంద్రనాథ్ ఠాగూర్‌కు ఆ మాట గుచ్చుకుంది. అంటరానితనంపై గాంధీతో ఆయనకు భేదం లేదు. భూకంపానికి కారణం భూమిలోనే వెతకాలి, దాన్ని నీతికి ముడిపెట్టకూడదు అన్నది ఆయన అభ్యంతరం. అందులో పదునైన భాగం ఇంకొకటి ఉంది. ఈ తరహా తర్కం గాంధీకన్నా ఆయన ప్రత్యర్థులకే ఎక్కువ ఉపయోగపడుతుందన్నారు ఠాగూర్. హరిజనులను గుళ్ళలోకి రానిస్తున్నందుకే దేవుడికి కోపం వచ్చిందని సనాతనులు అంటే గాంధీ దగ్గర జవాబేముంది?

ఠాగూర్ విమర్శను గాంధీ తన హరిజన్ పత్రికలోనే అచ్చువేసి, దానికి జవాబు రాశారు. ఆ సంబంధాన్ని నిరూపించలేనని ఒప్పుకుంటూనే తన విశ్వాసం వదులుకోలేదు. నా దృష్టిలో ఈ వాదంలో ఠాగూర్‌దే పైచేయి. కానీ తనను తప్పుపట్టిన వ్యాసాన్ని తన పత్రికలోనే వేసిన సంపాదకుడికి కూడా కొన్ని మార్కులు పడాలి.

మరి ఆస్తికుడూ నాస్తికుడూ మర్యాదగా వాదించుకున్న ఉదాహరణ ఉందా?

మన కృష్ణా జిల్లాలోనే ఉంది. గోరాగా పేరుపడ్డ గోపరాజు రామచంద్రరావు వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. నాస్తిక భావాల వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు, 1947లో దాన్ని విజయవాడ పటమటకు మార్చాడు. గాంధీకి ఉత్తరాలు రాశాడు. మొదట వచ్చిన జవాబులు ఉత్సాహపరిచేవి కావు. చివరికి 1944లో సేవాగ్రామ్‌లో కలిశారు.

వాళ్ళ సంభాషణల్లో నాకు ముఖ్యమనిపించేది ఇది: గోరా దేవుడి ఉనికి మీద తర్కం తక్కువ చేశాడు. పల్లెలో అంటరానితనం పోగొట్టడానికి సహపంక్తి భోజనాలు పెడుతుంటే ఏం అడ్డొస్తోందో చెప్పాడు. తన బతుకు తలరాత అనుకున్న మనిషి దాన్ని మార్చడానికి పూనుకోడు, ఆ తలరాత నుంచి బయటపడేయడమే నా నాస్తికత్వం అన్నాడు. గాంధీ ఆయన పని గురించి అడిగారు. నా ఆస్తికత్వం ఒప్పనీ, నీ నాస్తికత్వం తప్పనీ అనలేనన్నారు. గోరా తన కూతురికి దళిత యువకుడితో పెళ్ళి తలపెట్టినప్పుడు ఆశ్రమంలో తానే జరిపిస్తానని, దేవుడి పేరుకు బదులు సత్యం పేరు మీద జరిపిస్తానని ఒప్పుకున్నారు. ఈలోగా గాంధీ హత్య జరిగింది. పెళ్ళి 1948లో సేవాగ్రామ్‌లోనే జరిగింది.

"నమ్మితే పోయేదేముంది?" అని అడిగే పెద్దలకు ఏం చెప్పాలి?

తెలుగిళ్ళలో ఆస్తికుల దగ్గరున్న అతి బలమైన వాదం ఇదే. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు పాస్కల్ చెప్పింది ఇంచుమించు ఇదే కానీ, మన అత్తయ్యలు పాస్కల్‌ను చదివి చెప్పడం లేదు. మా బంధువుల ఇంట్లో ఒక గ్రహణం రోజున ఏడో నెల గర్భిణి అయిన కోడలికీ అత్తగారికీ జరిగిన మాటలివి.

"అత్తయ్యా, గ్రహణం వల్లే మొర్రి వస్తే, మన ఊళ్ళో గ్రహణం కనిపించని ఏడాది మొర్రితో ఏ బిడ్డా పుట్టకూడదు కదండీ?"

"అవన్నీ నాకు తెలియవమ్మా. ఆ మూడు గంటలు లోపల కూర్చుంటే నీకు పోయేదేముంది?"

"లోపల కూర్చుంటాను. కానీ మంచినీళ్ళు కూడా తాగొద్దంటున్నారు. డాక్టరు గారు కడుపు మాడ్చుకోవద్దన్నారు."

ఆవిడ కాసేపు ఆలోచించి, నీళ్ళ బిందెలోనూ పెరుగు గిన్నెలోనూ దర్భలు వేసి తెచ్చి పెట్టింది. దర్భ వేసినవి తినొచ్చట. కోడలు పెరుగన్నం తిని నిద్రపోయింది.

కోడలు చేసినది గమనించండి. పోయేదేమీ లేనిచోట ఒప్పుకుంది, పోయేది ఉన్నచోట ఆగింది. బిడ్డ పెదవి గర్భంలో మొదటి రెండు నెలల్లోనే కలిసిపోతుంది, ఏడో నెలలో గ్రహణం చూసినా చూడకపోయినా అది మారదు. ఈ సంగతి కూడా ఆమెకు తెలుసు. చెప్పలేదు. అవసరమైంది మంచినీళ్ళు, అవి దొరికాయి. పెద్ద సూత్రం మీద పట్టుబట్టి ఉంటే అత్తగారు కంటతడి, కొడుకు మౌనం, ఇల్లంతా రెండు రోజులు ముభావం. ఇది లొంగుబాటు అనే మిత్రులున్నారు. ఆకలితో ఉన్న గర్భిణి ముందు ఆ మాట అనలేం.

ఖర్చు పెద్దదైనప్పుడు మాత్రం ఇలా సర్దుకోకూడదు. పాము కాటుకు మంత్రం వేయిస్తే పోయేదేముందంటే, ఆసుపత్రికి చేరాల్సిన గంట పోతుంది. అక్కడ వాదన కూడా వద్దు, బండి తీయండి.

మహిమలు నిరూపిస్తే లక్షలిస్తామనే సవాళ్ళు మంచివేనా?

కేరళలో పుట్టి శ్రీలంకలో స్థిరపడిన అబ్రహాం కోవూర్ 1963లో లక్ష రూపాయల సవాలు విసిరాడు. ఎవరూ గెలవలేదు. సవాలుతో మోసగాళ్ళు జంకుతారు, అది లాభమే. భక్తుడికి మాత్రం అది పందెంలా కనిపిస్తుంది. అంతకన్నా నిప్పులమీద నడిచి చూపించడం మేలు. కట్టెబొగ్గు వేడిని నెమ్మదిగా అందిస్తుంది, పైన బూడిద పొర ఉంటుంది, అడుగు ఆనేది క్షణం కంటే తక్కువ. ఆగకుండా నడిస్తే కాలదు, నిలబడితే కాలుతుంది. పూజ చేయని మనిషి తమ కళ్ళముందే నడిచి వెళ్ళాక ఊరివాళ్ళు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. (అనుభవం ఉన్నవారు పక్కన లేకుండా ఎవరూ ప్రయత్నించకండి.)

ఇలా మాట్లాడితే కేసులు పెట్టరా?

పెట్టవచ్చు. రాజ్యాంగం 25వ అధికరణ మతస్వేచ్ఛ ఇస్తుంది. 1976లో 42వ సవరణ ద్వారా చేరిన 51ఎ అధికరణ శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుడి విధి అంటుంది. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. పాత శిక్షాస్మృతిలోని 295ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్. అది శిక్షించేది ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో మతభావాలను అవమానించడాన్ని. ప్రశ్నించడం ఆ నేరం కాదు. అయినా కోర్టు ఆ మాట చెప్పేలోగా ఏళ్ళు గడుస్తాయి. ప్రమాదం కేసులతో ఆగకపోవచ్చు కూడా. మూఢనమ్మకాల వ్యతిరేక చట్టం కోసం ఏళ్ళ తరబడి తిరిగిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో ఉదయపు నడకలో కాల్చి చంపారు. ఆ చట్టం అదే ఏడాది మహారాష్ట్రలో వచ్చింది.

నాస్తికులు తరచుగా చేసే తప్పేమిటి?

తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనడం ఆస్తికుల సొత్తు అనుకోవడం. దేవుణ్ణి వదిలినంత మాత్రాన సాక్ష్యం అడిగే అలవాటు దానంతట అది రాదు. గుడికి వెళ్ళని మనిషి తన నాయకుడి మాట వేదంగా నమ్మడం, ఎవరో చెప్పిన కషాయంతో షుగర్ పోతుందని మాత్రలు మానేయడం నేను చూశాను. ఇంకో తప్పు, మనిషి ఏడుస్తున్నప్పుడు వాదించడం. చావింట్లో పునర్జన్మ గురించి తర్కం చేసేవాడికి తర్కమూ తెలియదు, మనుషులూ తెలియరు.

వాదన ఎప్పుడు ఆపాలి?

ఒకే మాట మూడోసారి వచ్చినప్పుడు. ఎదుటివారు "అయితే మీరే గెలిచారు" అన్నప్పుడు (ఇది ఓటమి ఒప్పుకోవడం కాదు, కోపం). పిల్లలు గుమిగూడి ఎవరు నెగ్గుతారా అని చూస్తున్నప్పుడు. ఏం కనిపిస్తే మనసు మార్చుకుంటారని అడిగితే "ఏం కనిపించినా మార్చుకోను" అన్న జవాబు వచ్చినప్పుడు, అది ఏ పక్షం నుంచి వచ్చినా సరే, ఆపి భోజనానికి లేవవచ్చు.